చలికాలంలో కోయి పిల్లల్ని బేస్‌మెంట్లో పెంచడం: సెప్టెంబరు నుంచి మే దాకా

న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్, ఒంటారియో లాంటి చోట్ల పెరట్లో కొలను తవ్వించుకుని కోయి చేపల్ని వేసుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. అసలు చిక్కు అక్టోబరులో మొదలవుతుంది. అడుగున్నర పొడవున్న పెద్ద కోయి నాలుగడుగుల లోతున్న కొలనులో, పైన మంచు గడ్డకట్టినా అడుగున కదలకుండా పడుకుని చలికాలం గడిపేస్తుంది. ఆ ఏడే పుట్టిన మూడు నాలుగు అంగుళాల పిల్లకి అంత శక్తి ఉండదు.

కోయి అంటే మన చెరువుల్లో పెంచే బంగారు తీగ చేపకి రంగుల రూపమే. నీళ్లు 50 డిగ్రీల కిందికి దిగితే దానికి మేత సరిగా అరగదు (ఈ వ్యాసంలో వేడి డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్). అప్పట్నుంచి నాలుగైదు నెలలు ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి, పిల్లల ఒంట్లో ఆ నిల్వ తక్కువ. నిజానికి చాలా పిల్లలు పోయేది జనవరి గడ్డకట్టే చలిలో కాదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో. నీళ్లు 45 నుంచి 60 మధ్య ఊగిసలాడే ఆ రోజుల్లో బ్యాక్టీరియా, పరాన్నజీవులు ముందుగా లేస్తాయి. చేప రోగనిరోధక శక్తి మాత్రం ఆలస్యంగా మేలుకుంటుంది. అప్పటికే చిక్కిపోయిన పిల్ల ఆ కొద్ది వారాలు తట్టుకోలేదు.

జపాన్‌లో కోయికి పుట్టిల్లు అనదగ్గ నీగాటా కొండల్లోనూ ఇదే సమస్య. అక్కడి రైతులు ఆ ఏడాది పిల్లల్ని అక్టోబరులో మట్టి చెరువుల్లోంచి తీసి, మంచు పడేలోపే గ్రీన్‌హౌస్‌ల్లోని కాంక్రీటు తొట్లలోకి చేరుస్తారు. తొలి ఏటి పిల్లల్ని వాళ్లు తోసై అంటారు. వాటికి చలికాలమంతా వెచ్చటి నీళ్లు పెట్టి పెంచుతారు. బేస్‌మెంట్లో మనం చేసేదీ ఆ పనే, చిన్న ఎత్తున.

ముందు ఏప్రిల్ లెక్క వేయండి

అందరూ తప్పేది ఇక్కడే. అక్టోబరులో చేపల్ని చూసి తొట్టి కొంటారు. నాలుగంగుళాల కోయి బరువు సుమారు 17 గ్రాములు. అలాంటివి పన్నెండు కలిపితే 200 గ్రాములు. చూడ్డానికి నూరు గ్యాలన్ల తొట్టి బోలెడనిపిస్తుంది. 68–70 డిగ్రీల నీళ్లలో సరిగా మేపితే అవే పిల్లలు ఏప్రిల్‌కి ఎనిమిదంగుళాలవుతాయి. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది: ఒక్కోటి 136 గ్రాములు, పన్నెండూ కలిపి కిలో 600 పైమాటే. మేత కూడా ఎనిమిది రెట్లు, మేతలోంచి వచ్చే అమ్మోనియా, అంటే చేపకి విషమైనది, అదీ అంతే. ఫిబ్రవరిలో "ఇన్నాళ్లూ బాగానే ఉన్నాయి, ఇప్పుడేమైంది?" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి అయింది ఇదే. తొట్టి అదే, ఫిల్టర్ అదే, చేపలు మాత్రం అవి కావు.

అందుకని తొట్టి, ఫిల్టర్, మార్చే నీళ్లు, అన్నీ ఏప్రిల్ నాటి చేపల లెక్కలోనే పెట్టుకోండి. ఈ మార్గదర్శిలో ఉదాహరణగా 300 గ్యాలన్ల (1,135 లీటర్లు) తొట్టి, పన్నెండు పిల్లలు తీసుకున్నాం. పిల్లలు ఇంతకన్నా ఎక్కువ ఉంటే బాగున్నవి ఏరుకుని, మిగతావి సెప్టెంబరులోనే తెలిసినవాళ్లకి ఇచ్చేయడం మేలు. వాగుల్లో, చెరువుల్లో మాత్రం వదలకండి. అక్కడి చేపలకీ నీళ్లకీ కోయి చేసే చేటు అంతా ఇంతా కాదు.

ఎంత వేడి?

రెండు దారులున్నాయి. హీటర్ లేకుండా బేస్‌మెంట్ వేడికే వదిలేస్తే నీళ్లు 58–64 మధ్య ఉంటాయి. పిల్లలు మెల్లగా తింటాయి, మెల్లగా పెరుగుతాయి, ఖర్చూ శ్రమా తక్కువ. హీటర్ పెట్టి 68–70లో ఉంచితే ఎదుగుదల బాగుంటుంది, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది, రోగాలు తట్టుకునే శక్తీ ఉంటుంది. తొలి ఏటి పిల్లలకి రెండోదే మంచిదని మా అభిప్రాయం. 75 పైకి వెళ్లాల్సిన పని లేదు. అంత వేడిలో మేత, మురికి, పని అన్నీ పెరుగుతాయి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. 50–55 దగ్గర నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. పైన చెప్పిన మార్చి నెల కష్టాన్ని ఆరు నెలలకి పొడిగించినట్టవుతుంది.

చోటు

గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 300 గ్యాలన్లంటే 2,500 పౌండ్లు, తొట్టి బరువు అదనం. కాంక్రీటు నేల మీద తప్ప, చెక్క జాయిస్టుల మీద కట్టిన అంతస్తులో పెట్టకండి. నీళ్లు బయటికి పంపడానికి ఫ్లోర్ డ్రెయిన్ కానీ, లాండ్రీ సింక్ కానీ పక్కనే ఉండాలి. అది లేకపోతే వారానికి రెండుసార్లు బకెట్లు మోసి మోసి జనవరికల్లా విసుగొస్తుంది, నీళ్లు మార్చడం మానేస్తారు.

గ్యారేజీలో పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గాలి పంపు చుట్టూ ఉన్న గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది. కారు పొగ, పెయింటు వాసన, పురుగుల మందు స్ప్రే, అన్నీ అందులోంచే లోపలికి పోతాయి. బేస్‌మెంట్లో గోడలకి రంగు వేయిస్తున్నా ఇదే జాగ్రత్త: పంపుని వేరే గదిలో పెట్టి పొడవాటి గొట్టం లాగండి.

తేమ గురించి ఇంట్లోవాళ్ల ఫిర్యాదు ఖాయం. మూత లేని వెచ్చటి తొట్టి రోజూ నీళ్లని ఆవిరి చేస్తూనే ఉంటుంది, నెల తిరిగేసరికి డ్రైవాల్ మీద బూజు కనిపిస్తుంది. తొట్టికి పాలికార్బొనేట్ షీటు మూత, గదిలో ఒక డీహ్యూమిడిఫయర్ మొదటి రోజునుంచే పెట్టుకోండి. మూతకి ఒక మూల నాలుగంగుళాలు తెరిచి ఉంచాలి, గాలి ఆడాలి.

కావలసినవి

తొట్టి: పశువులకి నీళ్లు పెట్టే 300 గ్యాలన్ల ప్లాస్టిక్ స్టాక్ ట్యాంక్ సరిగ్గా సరిపోతుంది. రబ్బర్‌మెయిడ్ లాంటివి ఫార్మ్ సప్లై దుకాణాల్లో దొరుకుతాయి, అడుగున డ్రెయిన్ ప్లగ్ కూడా ఉంటుంది. వాడేసిన 275 గ్యాలన్ల టోట్ (ఇనుప చట్రంలో ఉండే ప్లాస్టిక్ ట్యాంకు) కొంటే ఇదివరకు అందులో తినే సరుకే పోశారని ఖాయం చేసుకోండి.

పంపు: తొట్టి నీళ్లు గంటకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి, అంటే గంటకి 300 గ్యాలన్లు. డబ్బా మీద రాసిన అంకె నీళ్లని పైకి ఎత్తక ముందుది. మూడు నాలుగడుగులు ఎత్తాక చాలా పడిపోతుంది. 600–800 రాసి ఉన్నది తీసుకోండి.

ఫిల్టర్: రెండు గదులు. మొదటి దాంట్లో బ్రష్షులు లేదా ముతక స్పాంజి, మురికి ఆపడానికి. రెండో దాంట్లో, అంటే 20 గ్యాలన్ల టబ్బులో, 25 లీటర్ల కే-1 రకం ప్లాస్టిక్ మీడియా (బ్యాక్టీరియా పట్టి పెరిగే చిన్న చిన్న ముక్కలు), కింద నుంచి గాలి. ఈ వరస తారుమారు కాకూడదు. మురికి ముందు ఆగకపోతే మీడియాకి పేడలా పట్టేసి, అమ్మోనియా తినే బ్యాక్టీరియాకి చోటుండదు.

గాలి పంపు: నిమిషానికి 30–40 లీటర్లు ఇచ్చేది. రెండు ఎయిర్ స్టోన్లు తొట్టిలోకి, ఒక లైను మీడియా టబ్బులోకి. పంపు నీటి మట్టానికి పైన ఉండాలి. లేదా ప్రతి లైనుకీ చెక్ వాల్వ్ ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపు పాడవుతుంది.

హీటర్లు: ఒకటి కాదు, 300 వాట్లవి రెండు. వాటిని వేరే టెంపరేచర్ కంట్రోలర్‌కి తగిలించండి. హీటర్‌లో ఉండే థర్మోస్టాట్ పాడైతే చాలాసార్లు 'ఆన్'లోనే బిగుసుకుపోతుంది. 1,000 వాట్ల హీటర్ ఒక్కటే ఉండి అలా బిగుసుకుంటే 300 గ్యాలన్ల తొట్టి గంటకి ఒకటింబావు డిగ్రీల పైన వేడెక్కుతుంది, తెల్లారేసరికి 80 దాటుతుంది. 300 వాట్లదైతే రాత్రంతా కలిపి నాలుగు డిగ్రీలు. అది మీరు పొద్దున చూసి సరిచేసుకోగల తప్పు. హీటర్లు తొట్టిలో కాకుండా ఫిల్టర్ టబ్బులో, మట్టం తగ్గినా నీళ్లలోనే మునిగి ఉండే లోతులో పెట్టండి.

వీటితో పాటు: తొట్టి కిందా చుట్టూ రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డు, పైన అరంగుళం కన్నుల వల, జీఎఫ్‌సీఐ ప్లగ్గు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది), అలారం మోగే థర్మామీటర్, ఇంకా అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, కేహెచ్ (నీళ్లలోని క్షారం) పరీక్షలకి చుక్కల కిట్లు, గ్రాములు చూపించే వంటింటి కాటా. వైర్లన్నీ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి, జారిన చుక్క నేల మీద పడుతుంది తప్ప ప్లగ్గులోకి పోదు.

ఫిల్టర్‌ని ఆగస్టులోనే మొదలుపెట్టాలి

కొత్త ఫిల్టర్ అంటే ఉత్త ప్లాస్టిక్ ముక్కలు. వాటి మీద అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పట్టడానికి వెచ్చటి నీళ్లలో కూడా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అన్నిటికన్నా తేలిక దారి ఇది: ఆగస్టులో ఆ కే-1 మీడియాని జాలీ సంచిలో పోసి మీ కొలను ఫిల్టర్‌లో, నీళ్లు బాగా పారే చోట వేసి ఉంచండి. చేపల్ని లోపలికి తెచ్చే రోజున మీడియాని తడి ఆరకుండా కొలను నీళ్లలోనే తెచ్చి టబ్బులో పోయండి. పనిచేస్తున్న మీడియా చేతిలో కొంచెం జిగటగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. తెల్లగా మెరుస్తుంటే ఇంకా సిద్ధం కానట్టే. కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా అంతా పోతుంది.

ఆలస్యమైతే చేపలు లేకుండా తొట్టి నడిపి, అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియాని లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంచండి. అది 24 గంటల్లో సున్నా కావాలి, నైట్రైట్ కూడా సున్నా కావాలి. అప్పటిదాకా చేపలు వేయొద్దు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మీద నమ్మకం పెట్టుకుని మర్నాడే చేపలు వేయకండి. కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. ఏది పనిచేసిందో చెప్పాల్సింది పరీక్ష కిట్టే.

నీళ్లు

అమెరికా ఊళ్లలో చాలాచోట్ల కుళాయి నీళ్లలో క్లోరిన్ బదులు క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలుపుతున్నారు. రాత్రంతా బకెట్లో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ క్లోరమిన్ పోదు. సోడియం థయోసల్ఫేట్ గింజలు కొనుక్కోవడం అన్నిటికన్నా చవక: ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కి ఏడు మిల్లీగ్రాములు. కుళాయి నీళ్లలో క్లోరమిన్‌కి అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకి 4 మిల్లీగ్రాములు కాబట్టి ఆ లెక్కనే వేసుకోండి. 30 గ్యాలన్లు మారిస్తే మూడుంబావు గ్రాములు చాలు. నాలుగు వేసినా ఫర్వాలేదు. క్లోరమిన్ విరిగినప్పుడు కొంచెం అమ్మోనియా మిగులుతుంది. పది శాతం నీళ్లు మార్చినప్పుడు వచ్చేంతని ఫిల్టర్ తినేస్తుంది. తొట్టి మొత్తం ఒకేసారి నింపేటప్పుడు మాత్రం అది లీటరుకి 0.8 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, అందుకే చేపలు రావడానికి కనీసం రెండు రోజుల ముందే నింపి, మీడియాలో కొంత భాగం వేసి ఫిల్టర్ నడపాలి.

బావి నీళ్లైతే క్లోరిన్ గొడవ లేదు. కానీ వాటిలో ప్రాణవాయువు ఉండదు, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. ఒక డ్రమ్ములో పోసి 24 గంటలు గాలి కొట్టాకే వాడండి.

లోపలికి తెచ్చే రోజు

కొలను నీళ్లు 60–65 మధ్య ఉన్నప్పుడే తేవాలి. న్యూజెర్సీలో అది సుమారుగా సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు మధ్య దాకా. 50కి పడేదాకా ఆగితే పిల్లలు అప్పటికే నీరసించి ఉంటాయి, వలలో పడ్డ దెబ్బలు మానవు.

1. రెండు రోజుల ముందునుంచి మేత ఆపండి. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు పాడుచేయవు.
2. తొట్టి నీళ్లని ఆ రోజు కొలను వేడికే తెచ్చి ఉంచండి. 70కి వేడి చేసి పెట్టడం సాయం కాదు, దెబ్బ. తేడా రెండు మూడు డిగ్రీలు మించకూడదు.
3. పీహెచ్ కూడా చూడండి. తేడా 0.5కి మించి ఉంటే తొట్టిలో సగం కొలను నీళ్లే పోయడం తేలిక.
4. వలతో చేపని ఒక మూలకి తోసి, నీళ్లతో సహా గిన్నెలోకి తీసుకోండి. వలలో పైకెత్తితే పొలుసులు లేస్తాయి, ఆ చోటే వారం తర్వాత పుండవుతుంది.
5. ఒక్కోదాన్నీ తెల్లటి టబ్బులో వెలుతురులో చూడండి: ఎర్రబడ్డ చోట్లు, తెల్ల చుక్కలు, మూసుకున్న రెక్కలు, పేనులాంటి చదును పురుగులు. పేను ఉంటే పట్టకారుతో తీసేయండి. పుండున్న చేపని వేరే టబ్బులో ఉంచండి.
6. తొట్టిలో వేయగానే వల కప్పండి, అంచులు బరువులతో గానీ క్లిప్పులతో గానీ బిగించండి.

ఆరో మాటని తేలిగ్గా తీసుకోకండి. కొత్త చోటికి వచ్చిన పిల్లలు మొదటి వారం పది రోజులు రాత్రిళ్లు ఎగురుతాయి. వల మధ్యలో బాగానే ఉంటుంది, గొట్టాలు లోపలికి వెళ్లే మూలలోనే రెండంగుళాల సందు ఉంటుంది, చేప దూకేది ఆ సందులోంచే. గదిలో దీపం ఒక్కసారిగా వేయకండి, ముందు మెట్ల దగ్గరది వేసి, ఒక నిమిషం ఆగి తొట్టి దగ్గరది వేయండి.

వేడిని రోజుకి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 68–70కి తీసుకెళ్లండి. మొదటి రోజునే లీటరుకి ఒక గ్రాము లెక్కన ఉప్పు (మన తొట్టికి రెండున్నర పౌండ్లు) కరిగించి వేస్తే ఫిల్టర్ కుదురుకునే లోపు పుట్టే నైట్రైట్ విషం మొప్పల్లోకి పోకుండా ఆపుతుంది. గడ్డకట్టకుండా కలిపే రసాయనాలు లేని ఉప్పు కావాలి. నీళ్లు ఆవిరైనప్పుడు ఉప్పు ఆవిరవదు, కాబట్టి మట్టం నింపేటప్పుడు మళ్లీ వేయొద్దు. తీసి పారబోసిన నీళ్లకి సరిపడా మాత్రమే వేయాలి. ఇంకో చిక్కు: ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్లుంటే ఉప్పు వేసే ముందు తీసేయండి. అవి పట్టి ఉంచిన అమ్మోనియాని ఉప్పు ఒక్కసారిగా వదిలిస్తుంది.

మేత

కోయికి జీర్ణాశయం ఉండదు, మేత నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఒకేసారి గుప్పెడు వేయడం దండగ, సగం అరగకుండానే బయటికొస్తుంది. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాల్లో అయిపోయేంత. మాంసకృత్తులు 38–42 శాతం ఉన్న మేత, పిల్లకి నాలుగంగుళాలున్నప్పుడు 1.5–2 మిల్లీమీటర్ల గింజ, ఆరంగుళాలు దాటాక 3 మిల్లీమీటర్లది.

70 డిగ్రీల దగ్గర రోజు మేత చేపల బరువులో ఒకటిన్నర శాతం పెట్టుకోండి. అక్టోబరులో పన్నెండింటికీ కలిపి మూడు గ్రాములే. చెంచాడు కూడా కాదు! చేతి లెక్కన వేస్తే తేలిగ్గా మూడు రెట్లు పడుతుంది, అందుకే కాటా. డిసెంబరుకి ఆరంగుళాలైతే ఒక్కోటి 57 గ్రాములు, మేత 10 గ్రాములు. ఎనిమిదంగుళాలకి 24 గ్రాములు. నెలకోసారి రెండు మూడు చేపల్ని నీళ్ల గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేసి, లెక్క సరిచేసుకోండి. మేత పెంచినప్పుడల్లా కొంచెం కొంచెంగా పెంచాలి, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కూడా దాంతోపాటే పెరగాలి కదా. మేత పెంచిన మూడో రోజున అమ్మోనియా లీటరుకి 0.25 మిల్లీగ్రాములు కనిపిస్తే వెనక్కి తగ్గండి.

చడీచప్పుడు లేకుండా పడిపోయే పీహెచ్

చలికాలం తొట్లలో ఫిబ్రవరిలో జరిగే పెద్ద ప్రమాదం ఇదే, దీని గురించి అందరూ తక్కువే మాట్లాడతారు. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ పనికి నీళ్లలోని క్షారాన్ని, అంటే కేహెచ్‌ని, ఖర్చుచేస్తుంది (దీన్నీ డిగ్రీల్లోనే కొలుస్తారు, ఆ డిగ్రీలకి వేడితో సంబంధం లేదు). ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి ఏడు గ్రాముల పైచిలుకు. ఏప్రిల్‌లో రోజుకి 24 గ్రాముల మేతంటే వారానికి మన తొట్టి రెండు డిగ్రీల పైన కేహెచ్ పోగొట్టుకుంటుంది. కుళాయి నీళ్లే మెత్తనివైతే, మూడు వారాల్లో నిల్వ అయిపోయి పీహెచ్ ఒక్క రాత్రిలో 7.5 నుంచి 6కి జారుతుంది. అప్పుడు బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది.

నివారణ వంట సోడా. కేహెచ్ ఒక డిగ్రీ పెంచడానికి లీటరుకి 30 మిల్లీగ్రాములు, అంటే 300 గ్యాలన్లకి 34 గ్రాములు. వారానికోసారి కేహెచ్ కొలిచి 6 డిగ్రీల కిందికి పోకుండా చూసుకోండి. ఏప్రిల్ నాటికి వారానికి 75 గ్రాములు, దాదాపు ఐదు టేబుల్ స్పూన్లు పడుతుంది. బకెట్లో కరిగించి ఫిల్టర్ దగ్గర పోయండి. కొనేటప్పుడు బేకింగ్ పౌడర్ చేతికి వస్తుందేమో చూసుకోండి, అది వేరు.

పీహెచ్ అప్పటికే పడిపోయి, అమ్మోనియా ఎక్కువగా ఉందనుకోండి. కంగారులో సోడా గుమ్మరిస్తే చేపలు చచ్చేది అప్పుడే. తక్కువ పీహెచ్‌లో అమ్మోనియాలో ఎక్కువ భాగం విషం లేని రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర విషపు భాగం అర శాతం కన్నా తక్కువ, 8.5 దగ్గర సుమారు 11 శాతం. కాబట్టి ముందు మేత ఆపండి, 20 శాతం చొప్పున పూటకోసారి నీళ్లు మార్చి అమ్మోనియాని కిందికి తెండి, ఆ తర్వాతే సోడాని రోజుకి ఒక డిగ్రీ చొప్పున వేయండి.

వారం వారం పని

వారానికి రెండుసార్లు పది శాతం నీళ్లు మార్చండి, ఫిబ్రవరినుంచి పదిహేను. నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాములు దాటకపోతే సరిపోతున్నట్టే. జనవరిలో కుళాయి నీళ్లు 42 డిగ్రీలుంటాయి. 70 డిగ్రీల తొట్టిలో పది శాతం పోస్తే మూడు డిగ్రీల లోపే తగ్గుతుంది, తట్టుకుంటాయి. ముప్ఫై శాతం పోస్తే ఎనిమిది డిగ్రీలు పడుతుంది, మర్నాడు మేత ముట్టవు. పైగా చల్లటి నీళ్లు పైపులో ఒత్తిడి మీద గాలిని ఎక్కువగా కరిగించుకుని ఉంటాయి. నేరుగా వేడి నీళ్లలో కలిస్తే ఆ గాలి చేప రక్తంలోనే బుడగలు కడుతుంది. 55 గ్యాలన్ల డ్రమ్ములో ముందురోజే పట్టి, థయోసల్ఫేట్ వేసి, గాలి కొట్టి ఉంచుకుంటే రెండు చిక్కులూ తీరతాయి.

గొట్టం తొట్టిలో పెట్టి, "ఇప్పుడే వస్తా" అని పైకి వెళ్లడం. రోగాలు, కరెంటు కోతలు అన్నీ కలిపి చంపినదానికన్నా ఇది ఎక్కువ కోయి చేపల్ని చంపి ఉంటుంది. ఫోన్ వస్తుంది, పాలు పొంగుతాయి, రెండు గంటల తర్వాత గుర్తొస్తుంది, అప్పటికి తొట్టి నిండా క్లోరిన్ పోని చల్లటి నీళ్లే. కుళాయికి నిమిషాల టైమర్ బిగించండి.

మొదటి గదిలో బ్రష్షుల్ని వారానికోసారి తొట్టి నీళ్లతోనే దులపండి. మీడియా జోలికి వెళ్లకండి.

చేప చెప్పే సంగతులు

గోడలకి ఒళ్లు రుద్దుకుంటుంటే, రెక్కలు ముడుచుకుని అడుగున ఆగితే, మేతకి వెనకబడితే ముందు చూడాల్సింది మందుల డబ్బా కాదు, పరీక్ష కిట్టు. సగానికి సగం సార్లు కారణం అమ్మోనియా, నైట్రైట్ లేదా పీహెచ్. అవి మూడూ బాగుంటేనే పరాన్నజీవుల సంగతి. తెల్లచుక్క రోగానికి ఉప్పుని లీటరుకి 3 గ్రాములకి (మొత్తం ఏడున్నర పౌండ్లు) మూడు విడతల్లో, విడతకి 12 గంటల ఎడంతో పెంచి రెండు వారాలు ఉంచండి. మొప్పల్లో, చర్మం మీద చేరే ఫ్లూక్స్ అనే సన్నటి పురుగులు ఉప్పుకి లొంగవు. వాటికి ప్రాజిక్వాంటెల్, లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, మన తొట్టికి 2.8 గ్రాములు. గుడ్లు దానికి చావవు కనుక వారం తర్వాత మళ్లీ వేయాలి. 400 రెట్లు చూపించే మామూలు మైక్రోస్కోపు ఒకటుంటే ఊహలతో మందులు వేసే పని తప్పుతుంది.

చలికాలం మధ్యలో కొత్త చేపని కొని ఈ తొట్టిలో కలపకండి, ఎంత అందంగా ఉన్నా. కోయి హెర్పిస్ వైరస్ విజృంభించేది 61–82 డిగ్రీల నీళ్లలో. మన తొట్టి ఉండేది సరిగ్గా ఆ వేడిలోనే. దానికి మందు లేదు.

కరెంటు పోతే

ఫోమ్ చుట్టిన 300 గ్యాలన్లు చల్లబడడానికి చాలా సేపు పడుతుంది, వేడి గురించి అప్పుడే కంగారొద్దు. కొరత వచ్చేది ప్రాణవాయువుకి, అదీ చేపలు పెద్దవయ్యాక కొద్ది గంటల్లోనే. కరెంటు పోగానే తనంతట తనే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి తప్పకుండా ఉంచండి. మేత ఆపండి. మూతబిగించిన క్యానిస్టర్ ఫిల్టర్ వాడుతున్నవాళ్లు, రెండు మూడు గంటలు దాటి ఆగిపోతే లోపలి నీళ్లు పారబోసి, మీడియాని తొట్టి నీళ్లతో తొలిచాకే మళ్లీ నడపండి. ఆ నీళ్లలో ప్రాణవాయువు అయిపోయి కుళ్లు వాసన వస్తుంటుంది, అలాగే తొట్టిలోకి వదిలితే చేపలకే చేటు.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లకి

డిసెంబరు, జనవరిలో మూడు వారాలు ఇల్లు తాళం పెట్టడం మనవాళ్లకి మామూలే. దానికి పది రోజుల ముందునుంచే సిద్ధం చేయాలి. వేడిని రోజుకి ఒక డిగ్రీ చొప్పున 62కి దించండి, మేత మూడో వంతుకి తగ్గించండి. వెళ్లే ముందు రోజు నీళ్లు మార్చి, కేహెచ్ 8 డిగ్రీలకి తేండి.

మేత ఆటోమేటిక్ ఫీడర్‌కి వదలొచ్చు కానీ గాలి బుడగలకి దూరంగా బిగించండి, తేమకి గింజలు ముద్దకట్టి రంధ్రం మూసుకుపోతుంది. పక్కింటివాళ్లకి అప్పగిస్తే డబ్బా ఇవ్వొద్దు. ప్రేమతో ఎక్కువ వేస్తారు. రోజుకో పొట్లం కట్టి తేదీ రాసి, డబ్బా దాచేయండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు పొట్లాలు వేయొద్దని గట్టిగా చెప్పండి. 62 డిగ్రీల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లకి వారం పది రోజులు మేత లేకపోయినా ఏమీ కాదు. వాళ్లు చూడాల్సినవి మూడే: పంపు నీళ్లు పడుతున్నాయా, బుడగలు వస్తున్నాయా, థర్మామీటర్ ఎంత చూపిస్తోంది. నీళ్లు మార్చే పని మాత్రం ఎవరికీ చెప్పకండి. థర్మామీటర్ అలారం ఫోన్‌కి వచ్చేదైతే విజయవాడలో కూర్చునే చూసుకోవచ్చు.

మళ్లీ కొలనులోకి

ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాయగానే తొందరపడొద్దు. కొలను నీళ్లు తెల్లవారుజామున కొలిచినా వారంపాటు 60 పైనే నిలవాలి. న్యూజెర్సీలో సాధారణంగా మే మధ్య, మిషిగన్‌లో ఇంకా ఆలస్యం. రెండు వారాల ముందునుంచి తొట్టి వేడిని మెల్లగా తగ్గిస్తూ కొలను వేడికి తెండి, ఉప్పుని నీళ్ల మార్పులతోనే తగ్గించండి. చలికాలం బయటే గడిపిన పెద్ద చేపల మీద వసంతంలో పరాన్నజీవులు ఎక్కువగా ఉంటాయి. వాటిని ముందే పరీక్షించి, అవసరమైతే మందు వేశాకే పిల్లల్ని కలపండి. కొంగలు గూళ్లు కట్టే రోజులు కూడా అవే, ఎనిమిదంగుళాల ఎర్రటి చేప వాటి కంట ఇట్టే పడుతుంది. నీటి మొక్కలు ఎదిగి నీడ వచ్చేదాకా కొలను మీద వల ఉంచండి.

కే-1 మీడియాని అదే రోజు తడిగా కొలను ఫిల్టర్‌లో వేసేయండి, ఆగస్టు దాకా అక్కడే పనిచేస్తుంది. తొట్టి, గొట్టాలు, వలలు కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. హీటర్లని మాత్రం ఆపాక అరగంట నీళ్లలోనే చల్లారనిచ్చి తీయండి. వేడిగా ఉండగా బయటికి తీసిన గాజు హీటర్ చేతిలోనే పగులుతుంది.